ఐర్లాండ్ పాఠశాలలు: బస్సులు, ప్రత్యేక విద్య సీట్లు, భవనాలు

ఐర్లాండ్ గణతంత్రంలో పిల్లలను బడికి చేర్చే బస్సులకు ఒక పథకం ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల సీట్లను మరో వ్యవస్థ చూస్తుంది. బడి భవనాలది వేరే పద్దు. ప్రభుత్వ కాగితాల మీద ఇవి మూడు వేర్వేరు విషయాలు. బిడ్డను బడిలో వేయవలసిన కుటుంబానికి మాత్రం ఇవి మూడూ కలిసి ఒకే ప్రశ్న: మా బిడ్డకు తగిన బడి ఇంటికి ఎంత దూరంలో ఉంది? ఊళ్లో తగిన గది కట్టకపోతే అక్కడ ప్రత్యేక తరగతి తెరవలేరు. తరగతి లేకపోతే సీటు ఉండదు. సీటు లేని పిల్లవాడు పొరుగూరి బడికి రోజూ బస్సులోనో ట్యాక్సీలోనో వెళ్లవలసి వస్తుంది. ఈ వ్యాసం ఆ మూడింటి చరిత్రను, పనితీరును, వాటి మధ్య ఉన్న ముడిని వివరిస్తుంది. ఉత్తర ఐర్లాండ్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం, అక్కడి ఏర్పాట్లు వేరు. అవి ఈ వ్యాసం పరిధిలోకి రావు.

పాలనా నేపథ్యం

ఐర్లాండ్‌లో ప్రాథమిక బడిని ‘నేషనల్ స్కూల్’ అంటారు. ఈ వ్యవస్థ 1831లో, దేశం బ్రిటిష్ పాలనలో ఉన్నప్పుడు మొదలైంది. అన్ని మతాల పిల్లలూ కలిసి చదవాలన్నది నాటి సంకల్పం. కొన్ని దశాబ్దాలలోనే బడులు చర్చిల చేతుల్లోకి వెళ్లాయి. నేటికీ దేశంలోని దాదాపు 3,100 ప్రాథమిక పాఠశాలల్లో పదింట తొమ్మిది వరకు క్యాథలిక్ చర్చి పోషణలో ఉన్నాయి. ‘పేట్రన్’ అనే పోషక సంస్థ బడికి స్వభావాన్ని నిర్ణయిస్తుంది, యాజమాన్య మండలిని నియమిస్తుంది. జీతాలు, నిర్వహణ నిధులు ప్రభుత్వానివి.

1937 రాజ్యాంగంలోని 42వ అధికరణం ఈ అమరికకు రాజ్యాంగ ఆధారం ఇచ్చింది. ఉచిత ప్రాథమిక విద్య అందేలా రాజ్యం ‘ఏర్పాటు చేయాలి’ అని అందులో ఉంది. తానే స్వయంగా అందించాలని లేదు. రాజ్యాంగపు ఐరిష్ భాషా పాఠంలోనూ ‘ఏర్పాటు’ అన్న అర్థమే స్పష్టంగా కనిపిస్తుంది. తేడా చిన్నదిగా తోచవచ్చు. కానీ ఈ వ్యాసంలో రాబోయే చిక్కుల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది. ప్రభుత్వం డబ్బు ఇవ్వగలదు, ప్రమాణాలు నిర్ణయించగలదు. కొత్త తరగతి తెరవాలంటే మాత్రం బడి యాజమాన్యం ఒప్పుకోవాలి, స్థలం ఉండాలి, ఆ స్థలం ఎవరిదో తేలాలి. 1998 విద్యా చట్టం వచ్చేదాకా ఈ సంబంధాలను సమగ్రంగా నిర్వచించిన శాసనమే లేదు. అప్పటిదాకా ఎక్కువ పని మంత్రిత్వ శాఖ సర్క్యులర్లతోనే నడిచింది.

పాఠశాల రవాణా: పుట్టుక

1967 వరకు ఐర్లాండ్‌లో మాధ్యమిక విద్యకు ఫీజు కట్టాలి. పల్లె పిల్లల్లో చాలామంది ప్రాథమిక దశతోనే చదువు ఆపేసేవారు. 1966 సెప్టెంబరు 10న విద్యామంత్రి డొనహ్ ఒమాలీ, మరుసటి ఏడాది నుంచి మాధ్యమిక విద్య ఉచితమని పత్రికా రచయితల సభలో ప్రకటించాడు. మంత్రివర్గం ఆమోదం తీసుకోకుండానే ఆయన ఆ ప్రకటన చేశాడు. అయితే ఫీజు తీసేసినంత మాత్రాన పల్లె పిల్లవాడు పట్నం బడికి చేరడు. అందుకే 1967లో ఉచిత విద్యతో పాటే బస్సుల పథకం కూడా మొదలైంది. అది లేకుంటే ఫీజు మినహాయింపు పట్టణాల వారికే దక్కేది. ఒమాలీ 1968 మార్చిలో మరణించాడు.

బస్సుల అవసరం పెరగడానికి రెండో కారణం ఒకరిద్దరు ఉపాధ్యాయులతో నడిచే చిన్న బడులను కలిపివేయడం. 1960ల నడుమ నుంచి వీటిలో వందల బడులు మూతపడ్డాయి. ‘మీ ఊరి బడి పోతుంది, బదులుగా బస్సు వస్తుంది’ అన్నది నాటి ఒప్పందం. ఆ హామీ బలం మీదే ఊళ్లు తమ బడులను వదులుకున్నాయి. బస్సును సౌకర్యంగా కాక హక్కుగా చూసే అలవాటు గ్రామీణ ఐర్లాండ్‌లో నేటికీ కనిపించడానికి ఇదొక కారణం.

రవాణా: అర్హత, రుసుము, నిర్వహణ

పథకాన్ని మొదట జాతీయ రవాణా సంస్థ సీఐఈ నడిపింది. 1987లో దానికి అనుబంధ సంస్థగా ఏర్పడిన బస్ ఏరన్ నాటి నుంచి విద్యాశాఖ తరఫున నిర్వహిస్తోంది. రోడ్డు మీద తిరిగే వాహనాల్లో అత్యధికం బస్ ఏరన్‌వి కావు. కాంట్రాక్టు తీసుకున్న ప్రైవేటు యజమానుల బస్సులు, మినీబస్సులు, ట్యాక్సీలు. విద్యాశాఖ రవాణా విభాగం డబ్లిన్‌లో లేదు. ఆఫలీ కౌంటీలోని టల్లమోర్ పట్టణంలో ఉంది. భవన నిర్మాణ విభాగం కూడా అదే ఊళ్లో ఉంది.

సాధారణ పథకంలో అర్హత దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ప్రాథమిక విద్యార్థి ఇల్లు దగ్గరి బడికి కనీసం 3.2 కిలోమీటర్లు, మాధ్యమిక విద్యార్థి ఇల్లు 4.8 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ఈ బేసి అంకెలు పాత రెండు మైళ్లు, మూడు మైళ్లకు మెట్రిక్ రూపాలు. ‘దగ్గరి బడి’ అన్నప్పుడు మతాన్నీ బోధనా భాషనూ లెక్కలోకి తీసుకుంటారు. ప్రొటెస్టెంట్ కుటుంబానికి దగ్గరి ప్రొటెస్టెంట్ బడి, ఐరిష్ మాధ్యమం కోరేవారికి దగ్గరి ఐరిష్ బడి.

దూరం చాలనివారికి, దగ్గరి బడిని కాదని మరో బడికి వెళ్లేవారికి ‘రాయితీ సీటు’ ఉంది. అర్హులందరికీ ఇచ్చాక బస్సులో ఖాళీ మిగిలితేనే అది దొరుకుతుంది. నిరుడు దొరికింది కాబట్టి ఈ ఏడూ దొరుకుతుందన్న భరోసా లేదు. ఆగస్టు చివరి వారంలో పల్లెటూళ్లలో ప్రజాప్రతినిధుల కార్యాలయాలకు వెళ్లే ఫిర్యాదుల్లో దీనిది పెద్ద వాటా. అన్నకు సీటు వచ్చి చెల్లికి రాకపోవడం, ఒకే సందులో ఒక ఇంటికి వచ్చి పక్కింటికి రాకపోవడం జరుగుతుంటాయి.

రుసుము చాలా కాలం ప్రాథమిక విద్యార్థికి ఏడాదికి 100 యూరోలు, మాధ్యమిక విద్యార్థికి 350 యూరోలు, కుటుంబానికి గరిష్ఠంగా 650 యూరోలు. జీవన వ్యయం పెరిగిందని 2022-23లో పూర్తిగా రద్దు చేశారు. దాంతో దరఖాస్తులు వెల్లువెత్తాయి. డబ్బు కట్టనక్కర లేదు గానీ కూర్చోవడానికి బస్సు లేదు అన్న పరిస్థితి ఏర్పడింది. 2023-24 నుంచి 50, 75 యూరోలు, కుటుంబానికి 125 యూరోల పరిమితితో రుసుము మళ్లీ పెట్టారు. మెడికల్ కార్డు ఉన్న అల్పాదాయ కుటుంబాల్లోని అర్హులైన పిల్లలకు రుసుము లేదు. 2023-24లో రోజూ 1,60,000 మందికి పైగా పిల్లలు ఈ పథకం కింద ప్రయాణించారు. వారిలో 20,000 మందికి పైగా ప్రత్యేక అవసరాలున్నవారు.

ప్రత్యేక అవసరాల పిల్లల రవాణాకు నియమాలు వేరు. రుసుము ఉండదు. దూరపు గీత కంటే, పిల్లవాడి అవసరానికి తగిన వనరులున్న దగ్గరి బడి ఏదన్నదే ముఖ్యం. చాలా సందర్భాల్లో వాహనం గుమ్మం ముందుకే వస్తుంది. అవసరమైతే పిల్లవాడి వెంట ‘ఎస్కార్ట్’ అనే తోడు మనిషిని పెడతారు. వాహనం ఏర్పాటు కాకపోతే, తల్లిదండ్రులే కారులో తీసుకువెళ్లడానికి గ్రాంటు ఇస్తారు. అన్నీ కాగితం మీద సిద్ధంగా ఉన్నా డ్రైవరో తోడు మనిషో దొరకక సెప్టెంబరు నెలంతా పిల్లలు ఇంట్లో ఉండిపోయిన సందర్భాలున్నాయి. 70 ఏళ్లు నిండినవారు బడి బస్సు నడపరాదన్న బస్ ఏరన్ నియమం చాలా ఏళ్లు చర్చలో నలిగింది. పల్లె ప్రాంతాల్లో కాంట్రాక్టర్ల కొరత ఉండటం దీనికి కారణం.

రవాణా: భద్రత

2005 మే 23న మీథ్ కౌంటీలోని నావన్ దగ్గర బడి బస్సు ప్రమాదంలో ఐదుగురు విద్యార్థినులు మరణించారు. ఐర్లాండ్ బడి బస్సుల చరిత్రను ఈ ఘటనకు ముందు, తరువాత అని విడదీయవచ్చు. అప్పటిదాకా ఇద్దరు కూర్చునే సీటులో ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టడం అనుమతించిన పద్ధతి. సీటు బెల్టులు తప్పనిసరి కాదు. ప్రమాదం తరువాత ‘ఇద్దరి సీటులో ముగ్గురు’ పద్ధతిని దశలవారీగా ఎత్తివేశారు. పిల్లల కోసం ప్రత్యేకంగా నడిపే బస్సులన్నిటికీ 2011 కల్లా బెల్టులు తప్పనిసరి అయ్యాయి.

ప్రత్యేక విద్య: చరిత్ర

తొలి ప్రయత్నాలు ధార్మిక సంస్థలవే. వైద్యుడు చార్లెస్ ఆర్పెన్ 1816లో డబ్లిన్‌లో బధిర బాలల కోసం స్థాపించిన సంస్థ తరువాత క్లేర్‌మాంట్ పేరుతో ప్రసిద్ధమైంది. డబ్లిన్‌లోని కాబ్రాలో క్యాథలిక్ బధిర పాఠశాలలు 1846లో బాలికలకు, 1857లో బాలురకు వెలిశాయి. మానసిక వికాసంలో వెనుకబడిన పిల్లల విషయంలో ప్రభుత్వం ఇంకో వందేళ్లు దాదాపు ఏమీ చేయలేదు. కాబ్రాలోనే సన్యాసినులు నడిపిన సెయింట్ విన్సెంట్స్‌ను 1947లో ప్రత్యేక జాతీయ పాఠశాలగా గుర్తించడం ఒక మలుపు. 1965 నాటి విచారణ సంఘం నివేదిక తరువాత ప్రత్యేక పాఠశాలలు దేశమంతా పెరిగాయి.

తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు మాత్రం 1990ల వరకు బయటే ఉన్నారు. వారికి ‘చదువు రాదు’, కావలసింది సంరక్షణే అన్నది అధికారిక ధోరణి. కార్క్ నగరానికి చెందిన ఒక తల్లి తన కుమారుడి తరఫున వేసిన వ్యాజ్యంలో హైకోర్టు 1993లో ఆ ధోరణిని తోసిపుచ్చింది. ప్రతి బిడ్డ తన శక్తి మేరకు ఎదిగేందుకు తోడ్పడేదంతా విద్యేనని, అది ఉచితంగా అందేలా చూడటం రాజ్యం బాధ్యతని తీర్పు ఇచ్చింది. ఈ వ్యాస విషయంలో ఇంతకంటే ముఖ్యమైన మలుపు లేదు. చదువు అన్న మాట అర్థాన్నే ఆ తీర్పు విస్తరించింది. 2001లో సుప్రీంకోర్టు దానికి ఒక హద్దు గీసింది: ప్రాథమిక విద్యకు సంబంధించిన రాజ్యాంగ బాధ్యత 18 ఏళ్ల వయసుతో ముగుస్తుంది.

1998లో, మీహాల్ మార్టిన్ విద్యామంత్రిగా ఉన్న కాలంలో, ప్రత్యేక అవసరాల పిల్లలకు మామూలు బడుల్లోనే అదనపు బోధన, సహాయకుల తోడు వాటంతటవే దక్కేలా ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు దేశమంతటా 20,000 మందికి పైగా ఉన్న ‘ఎస్‌ఎన్‌ఏ’ సహాయకుల వ్యవస్థ ఈ నిర్ణయం నుంచి విస్తరించినదే.

ప్రత్యేక విద్య: చట్టాలు, సంస్థలు

2004లో వచ్చిన ప్రత్యేక విద్యా చట్టం ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉండాలంది. దానికి చట్టబద్ధమైన హక్కును ఇచ్చే సెక్షన్లను నేటికీ అమలులోకి తేలేదు. అదే చట్టం ఆధారంగా నడిచే ప్రత్యేక విద్యా జాతీయ మండలి ఎన్‌సీఎస్‌ఈ సీట్ల ప్రణాళిక చూస్తుంది. దాని స్థానిక అధికారిని ‘సెనో’ అంటారు. ఒక ప్రాంతంలో ఎక్కడ తరగతి తెరవాలన్నది, ఏ బడి తగినదన్నది ఆ అధికారి చేతిలో ఉంటుంది. రవాణా మంజూరు కూడా ఆ నిర్ధారణ మీదే ఆధారపడుతుంది (చూ. రవాణా: అర్హత).

2005 వైకల్య చట్టం కింద పిల్లవాడి అవసరాల మదింపు దరఖాస్తు చేసిన మూడు నెలల్లో మొదలై, మరో మూడు నెలల్లో పూర్తి కావాలి. ఆచరణలో వేల మంది గడువు దాటి ఎదురుచూస్తున్నారు. మదింపు నివేదిక లేనిదే ప్రత్యేక తరగతిలో సీటు అడగడం కష్టం. అందుకే సీటు కోసం నిరీక్షణ నిజానికి బడి గేటు దగ్గర కాదు, ఆరోగ్యశాఖ వరుసలో మొదలవుతుంది. స్తోమత ఉన్నవారు ప్రైవేటు మనస్తత్వ నిపుణుల దగ్గర నివేదిక కొనుక్కుంటారు. లేనివారు వరుసలోనే ఉంటారు.

ప్రత్యేక విద్య: మూడు రకాల ఏర్పాట్లు

మొదటిది మామూలు తరగతిలోనే చదువు, పక్కన అదనపు ఉపాధ్యాయుడి సాయం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో అత్యధికులు ఇందులోనే ఉన్నారు. 2017 నుంచి ఈ సాయాన్ని పిల్లవాడి నిర్ధారణను బట్టి కాక, బడి మొత్తం అవసరాన్ని అంచనా వేసి కేటాయిస్తున్నారు.

రెండోది మామూలు బడి ఆవరణలో నడిచే ప్రత్యేక తరగతి. ఆటిజం తరగతిలో ఆరుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు సహాయకులు ఉంటారు. స్వల్ప మేధోవైకల్యానికి ఉద్దేశించిన తరగతిలో 11 మంది వరకు ఉండవచ్చు. 2011లో దేశం మొత్తం మీద ఇలాంటి తరగతులు 550 దాకా ఉండేవి. 2024-25 నాటికి 3,300 దాటాయి. పెరుగుదల ఎక్కువగా ఆటిజం తరగతుల్లోనే. ఇంత విస్తరించినా మాధ్యమిక దశలో వెలితి ఉంది. ప్రాథమిక బడిలో ఆరుగురితో నడిచిన తరగతి పిల్లలు 12, 13 ఏళ్లకు బయటికి వచ్చేసరికి దగ్గరి మాధ్యమిక బడుల్లో సరిపడా తరగతులు ఉండవు.

మూడోది ప్రత్యేక పాఠశాల. ఇవి దాదాపు 140. సంక్లిష్టమైన అవసరాలున్న పిల్లలు ఇక్కడ చదువుతారు. చాలా దశాబ్దాలు కొత్తవి దాదాపు తెరవలేదు. 2019 తరువాత మళ్లీ మొదలై పదికి పైగా వచ్చాయి. కార్క్ కౌంటీలో క్యారిగలైన్ పాఠశాల 2021లో తెరిచింది. వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఐర్లాండ్ 2018లో ఆమోదించింది. పిల్లలంతా కలిసి చదివే సమ్మిళిత విద్య అందాలని అందులో ఉండగా కొత్త ప్రత్యేక పాఠశాలలు ఎందుకన్న వాదన ఒకటి ఉంది. ఎన్‌సీఎస్‌ఈ 2024 జనవరిలో ఇచ్చిన విధాన సలహా క్రమంగా సమ్మిళిత విద్య వైపు సాగాలని చెప్పింది. ఈలోగా సీటు లేని బిడ్డ తల్లికి ఆ చర్చ ముగిసేదాకా ఆగే వ్యవధి ఉండదు. రెండు వాదాలూ పిల్లల మేలునే కోరుతున్నాయి.

ఎక్కడా సీటు దొరకని పిల్లలకు తాత్కాలికంగా ‘హోమ్ ట్యూషన్’ గ్రాంటు ఉంది. వారానికి గరిష్ఠంగా 20 గంటలు ఇంట్లో బోధన. తోటి పిల్లలు, ఆటస్థలం, బడిగంట ఇందులో ఉండవు.

తరగతి తెరవమని ఆదేశించే అధికారం

బడి యాజమాన్యం ఒప్పుకోకపోతే ఏమిటన్న ప్రశ్నకు 2018 ప్రవేశాల చట్టం సమాధానం చెప్పింది. విద్యా చట్టంలో 37ఏ సెక్షన్‌ను చేర్చి, ఒక ప్రాంతంలో సీట్లు చాలవని ఎన్‌సీఎస్‌ఈ నివేదిస్తే తరగతి తెరవమని బడిని ఆదేశించే అధికారాన్ని మంత్రికి ఇచ్చింది. 2019లో పశ్చిమ డబ్లిన్‌లోని డబ్లిన్-15 ప్రాంతంలో దీన్ని తొలిసారి ప్రయోగించారు. ప్రక్రియ మరీ నెమ్మదని 2022లో మరో చట్టంతో గడువులు కుదించారు. ఆదేశం దాకా వెళ్లిన సందర్భాలు తక్కువే. ఆ అధికారం ఉందన్న ఎరుకే చాలా యాజమాన్యాలను ఒప్పించింది. యాజమాన్యాల పక్షాన న్యాయమైన మాట కూడా ఉంది: శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, వాక్ చికిత్సకులు, సరైన గది లేకుండా తరగతి తెరిస్తే నష్టపోయేది పిల్లలే.

భవనాలు

ప్రాథమిక బడులు ఎక్కువగా స్థానిక చర్చి విభాగమైన పారిష్ ఇచ్చిన స్థలాల్లో, ఊరివాళ్లు చందాలు వేసుకుని, ప్రభుత్వ గ్రాంటుతో కట్టుకున్నవి. ఇప్పుడు విద్యాశాఖ దేశాన్ని 314 ప్రణాళికా ప్రాంతాలుగా విభజించి, పిల్లల భత్యం అందుకుంటున్న కుటుంబాల వివరాలను మ్యాపుల మీద పరచి, ఏ ప్రాంతంలో ఎన్ని సీట్లు కావాలో అంచనా వేస్తుంది. 2018లో ఇలాంటి లెక్కతోనే నాలుగేళ్లలో 42 కొత్త బడులు తెరుస్తామని ప్రకటించారు.

పెద్ద ప్రాజెక్టు ప్రాథమిక నమూనా, సవివర నమూనా, టెండరు, నిర్మాణం, అప్పగింత అనే దశలు దాటాలి. ఒక్కో దశలో ఏళ్లు గడిచిపోవచ్చు. అందుకే కొత్త బడి ముందు ప్రీఫ్యాబ్ గదుల్లో తెరుచుకోవడం, ఆ ‘తాత్కాలిక’ గదుల్లోనే ఒక తరం చదువు ముగించడం ఐర్లాండ్‌లో పరిచితమైన దృశ్యం. 2012లో వాటి స్థానంలో పక్కా గదులు కట్టే ప్రత్యేక కార్యక్రమం నడిచింది. జనాభా పెరిగిన కొద్దీ అద్దె ప్రీఫ్యాబ్‌లు మళ్లీ పెరిగాయి.

తొందర కూడా చేటు చేసింది. 2018 శరదృతువులో, అంతకు ముందు దశాబ్దంలో ఒకే నిర్మాణ సంస్థ వేగంగా కట్టిన 40కి పైగా బడులను తనిఖీ చేయవలసి వచ్చింది. బాల్‌బ్రిగన్, టిరల్స్‌టౌన్‌లలో బడులు మొత్తంగానో పాక్షికంగానో మూసి పిల్లలను వేరేచోట్లకు తరలించారు. మరికొన్నిచోట్ల గోడలకు దన్నుగా ఉక్కు చట్రాలు పెట్టి బడి నడిపారు. అదే ఏడాది జనవరిలో బ్రిటిష్ సంస్థ కరిలియన్ దివాలా తీయడంతో, బ్రే, వెక్స్‌ఫర్డ్, కార్లో, కెల్స్ పట్టణాల్లో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం కింద దాదాపు పూర్తయిన ఆరు విద్యాసంస్థల పని నెలల తరబడి ఆగింది.

ముందుచూపుకు ఉదాహరణగా డబ్లిన్ పడమటి అంచునున్న ఆడమ్స్‌టౌన్‌ను చెబుతారు. బడులు, రైల్వే స్టేషన్ వంటి వసతులు వచ్చాకే తరువాతి విడత ఇళ్లకు అనుమతి అన్నది ఆ పట్టణ ప్రణాళిక నియమం. ఆడమ్స్‌టౌన్, లూకన్ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్, వైద్య రంగాల్లో పనిచేసే భారతీయ కుటుంబాలు గణనీయంగా స్థిరపడ్డాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. కొత్తగా వచ్చేవారికి పేట్రన్ వ్యవస్థ కొరుకుడు పడని విషయం. బాప్తిస్మం పొందినవారికే ముందు సీటు ఇచ్చే పద్ధతిని క్యాథలిక్ ప్రాథమిక బడుల్లో పైన చెప్పిన 2018 చట్టమే తొలగించింది.

మూడింటి ముడి

ప్రత్యేక తరగతికి మామూలు గది చాలదు. విద్యాశాఖ ప్రమాణం ప్రకారం అందులో శబ్దం సోకని చిన్న గది, ఇంద్రియ ప్రేరణ గది, స్నానపు వసతి ఉన్న మరుగుదొడ్డి, రోజువారీ పనులు నేర్పే వంటింటి మూల, కంచె వేసిన ఆటస్థలం ఉండాలి. అందుకే ఖాళీ గది ఉందన్న మాటకు, సీటు ఉందన్న మాటకు మధ్య కొన్ని నెలల మరమ్మతు పని ఉంటుంది. ఏప్రిల్‌లో మంజూరైన తరగతి సెప్టెంబరు నాటికి సిద్ధం కాకపోవచ్చు. అప్పుడు పిల్లవాడికి మరో ఊళ్లోని తరగతి చూపిస్తారు, ట్యాక్సీ మంజూరు చేస్తారు. ట్యాక్సీ కొన్ని వారాల్లో ఏర్పాటవుతుంది, భవనానికి కొన్ని ఏళ్లు పడుతుంది. భవనాల పద్దులో ఆదా అయినట్టు కనిపించే డబ్బు రవాణా పద్దులో ఏటా ఖర్చవుతూనే ఉంటుంది. అసలు మూల్యం చెల్లించేది ఉదయం ఏడింటికే కారెక్కి, శబ్దాన్ని, కుదుపును తట్టుకోలేక అలసిపోయి బడికి చేరే ఆరేళ్ల బిడ్డ. సాయంత్రం ఆడుకోవడానికి ఆ బిడ్డకు స్నేహితులు ఉండరు, తన వీధిలోని పిల్లలంతా వేరే బడిలో చదువుతారు.

ఇటీవలి పరిణామాలు

2024 ఫిబ్రవరిలో వెలువడిన రవాణా పథకం సమీక్ష, అర్హత దూరాన్ని ప్రాథమిక విద్యార్థులకు 1 కిలోమీటరుకు, మాధ్యమిక విద్యార్థులకు 2 కిలోమీటర్లకు తగ్గించాలని, 2030 కల్లా మరో లక్ష మంది పిల్లలను దశలవారీగా పథకంలోకి తేవాలని సిఫారసు చేసింది. దానికి బస్సులు, డ్రైవర్లు ఎక్కడి నుంచి వస్తారన్నది ఆచరణలో ప్రధాన సమస్య.

2025 ఫిబ్రవరి చివర, సీటు దొరకని పిల్లల తల్లిదండ్రులు డబ్లిన్ మార్ల్‌బరో వీధిలోని విద్యాశాఖ ప్రధాన కార్యాలయం ముందు చలిలో రాత్రంతా బైఠాయించారు. ఆ ఏడాది నుంచి దరఖాస్తుల తేదీలు ముందుకు జరిగాయి. 2026-27కు ప్రత్యేక తరగతి లేదా ప్రత్యేక పాఠశాల సీటు కావలసినవారు 2025 అక్టోబరు 1లోగా ఎన్‌సీఎస్‌ఈకి తెలియజేయాలన్నారు. అవసరం ముందే తెలిస్తే గదుల పని వేసవికి ముందే మొదలుపెట్టవచ్చన్నది దీని ఉద్దేశం.

ప్రాథమిక బడుల్లో పిల్లల సంఖ్య 2018 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి తగ్గుముఖం పట్టింది. ఆ పెద్ద సంఖ్యల ఒత్తిడి ఇప్పుడు మాధ్యమిక బడుల మీద ఉంది. 2022 నుంచి ఉక్రెయిన్ పిల్లలూ ఈ బడుల్లో చేరారు. ప్రాథమిక బడుల్లో ఖాళీ అవుతున్న గదులను గుర్తించి, మార్పులు చేసి, ప్రత్యేక తరగతులుగా తెరవడం విద్యాశాఖ ప్రస్తుతం అనుసరిస్తున్న పద్ధతి.